సర్ఫ్‌బోర్డు ఫోమ్‌కు ఏ పవర్ ప్లేనర్? వాట్లు కాదు, నాబ్ చూసి కొనండి

పవర్ ప్లేనర్‌ను ఎవరూ సర్ఫ్‌బోర్డుల కోసం కనిపెట్టలేదు. తలుపు అంచులకూ టేకు పలకలకూ చిత్రిక పట్టడానికి పుట్టిన యంత్రం అది. కాలిఫోర్నియాలో బాల్సా చెక్కతో బోర్డులు చేసిన కాలంలోనే ఆ పనివాళ్లు దాన్ని తమ షెడ్లలోకి తెచ్చుకున్నారు. 1958లో అక్కడి బోర్డుల తయారీదారులు హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ పాలీయురేతేన్ ఫోమ్ బోర్డులను నిలబెట్టిన తర్వాత చెక్క క్రమంగా పక్కకు తప్పుకుంది, ప్లేనర్ మాత్రం మిగిలిపోయింది. అయితే ప్లేనర్లు తయారుచేసే కంపెనీలు ఆ మార్పును పెద్దగా పట్టించుకోలేదు. ఈనాటికీ పెట్టె మీద అచ్చువేసే అంకెలన్నీ వడ్రంగిని దృష్టిలో పెట్టుకుని వేసినవే.

అందుకే ఎక్కువ వాట్లున్న యంత్రం కొనేసి హమ్మయ్య అనుకునేవారికి తర్వాత నిరాశ తప్పదు. ఫోమ్ బ్లేడుకు అడ్డు చెప్పదు. 580 వాట్ల మోటారైనా, 1000 వాట్ల మోటారైనా అందులో ఇంచుమించు ఒకే తీరుగా తిరుగుతుంది. మోటారు కాస్త మూలిగేది బోర్డు నడుమ నిలువుగా అతికించిన సన్నని చెక్క పట్టీ, అంటే స్ట్రింగర్, బ్లేడుకు తగిలినప్పుడే. ఆ పట్టీ మందం కొన్ని మిల్లీమీటర్లకు మించదు. దానికోసం భారీ మోటారు మోయడం వృథా బరువు.

మరి దేన్ని చూడాలి? ముందు చేయి పట్టుకునే నాబ్‌ను చూడాలి. కోత లోతును మార్చేది అదే. వడ్రంగి పలక మొత్తాన్ని ఒకే లోతుతో తీస్తాడు కాబట్టి పని మొదలుపెట్టే ముందు ఒకసారి నాబ్ తిప్పి వదిలేస్తాడు. సర్ఫ్‌బోర్డు అలాంటిది కాదు. మధ్యలో లావుగా, ముక్కు దగ్గరా తోక దగ్గరా పల్చగా ఉంటుంది. పైభాగం ఒక వంపు, అడుగు మరో వంపు. ఫోమ్ దిమ్మను స్టాండు మీద పెట్టి షేపర్, అంటే బోర్డు చెక్కే మనిషి, ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ పొడవాటి పట్టీలుగా తీసుకుంటూ పోతాడు. ఒక్కో నడకలో లోతు సున్నాలో మొదలై, అవసరమైన చోట రెండు మిల్లీమీటర్లకు దిగి, చివరకు వచ్చేసరికి మళ్లీ సున్నాకు చేరాలి. మోటారు తిరుగుతూ ఉండగా, కాళ్లు ఆగకుండా, అరచేయి నాబ్‌ను తిప్పుతూ ఉండాలి. ఆగి, తిప్పి, మళ్లీ మొదలుపెడితే ఆగిన చోట చిన్న మెట్టు పడుతుంది. మెట్టును గరుకు కాగితంతో సరిచేయబోతే దాని పక్కన గుంట పడుతుంది. గుంటను సరిచేయబోతే బోర్డు మందం తగ్గుతుంది.

పోలిక మొదలుపెట్టే ముందు ఒక మాట. మొదటి బోర్డు, రెండో బోర్డు చేసుకునేవారికి ప్లేనరే అక్కర్లేదు. కొబ్బరి కోరులా పని చేసే సర్ఫార్మ్ అనే చేతి పనిముట్టు ఒకటి, గరుకు కాగితం చుట్టిన పొడవాటి చెక్క దిమ్మ ఒకటి ఉంటే చాలు. కాస్త ఆలస్యమవుతుంది, అంతే. తప్పు జరిగినా మిల్లీమీటరు లోపే జరుగుతుంది. ప్లేనర్ చేసే తప్పు రెప్పపాటులో చాలా పొడవు సాగిపోతుంది. కంప్యూటర్ యంత్రం మీద కోయించిన దిమ్మ తెచ్చుకునేవారికి కూడా ప్లేనర్‌తో పెద్దగా పని ఉండదు. యంత్రం మిగిల్చిన గీతలను గరుకు కాగితమే తీసేస్తుంది.

స్కిల్ 100, హిటాచీ: పేరున్న రెండు యంత్రాలు

కాలిఫోర్నియా, హవాయి షేపర్లలో పాతతరం వారిని అడిగితే మొదట వినిపించే పేరు స్కిల్ 100. లోహపు ఒళ్లు, పొడవాటి అడుగు, ముందు పిడి దగ్గర ఒక చిన్న లివర్. ఆ లివర్‌ను వేలితో నెడితే ముందు ప్లేటు పైకీ కిందికీ కదులుతుంది. టిక్ టిక్ మనే మెట్లు ఉండవు, లోతు నీళ్లలా జారుతుంది. ఫోమ్ పనికి ఇంతకంటే తగిన అమరికను తర్వాత వచ్చిన ఏ మామూలు ప్లేనరూ ఇవ్వలేదన్నది నిజం. దాని తయారీ ఆగిపోయి దశాబ్దాలు గడిచాయి. దొరికేవన్నీ సెకండ్‌హ్యాండువే. విడిభాగం కావాలంటే మరో పాత యంత్రాన్ని విప్పుకోవాలి.

అమెరికాలో ఉన్న బంధువుల ద్వారా ఒకటి తెప్పించుకుందామా అని ఆలోచించేవారికి నా సలహా, వద్దు. అది 120 వోల్టుల యంత్రం. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే నడుస్తుంది. కార్బన్ బ్రష్షులున్న ఈ రకం మోటార్లకు అక్కడి 60 హెర్ట్జ్, ఇక్కడి 50 హెర్ట్జ్ తేడా పట్టదు. అసలు భయం వేరే చోట ఉంది. లోహపు ఒళ్లున్న పాత యంత్రం, ఎండి పగిలిన వైరు, సముద్రపు తేమ నిండిన షెడ్డు, కింద సిమెంటు నేల. వైరు మార్పించి, ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించకుండా అలాంటి యంత్రాన్ని చేత్తో ముట్టుకోకూడదు.

రెండోది, మార్పులు చేసిన హిటాచీ. అమెరికాలో ఫోమ్ దిమ్మల అమ్మకాలలో సింహభాగం గోర్డన్ క్లార్క్ కంపెనీ క్లార్క్ ఫోమ్‌దిగా ఉన్న రోజుల్లో, ఆ కంపెనీయే హిటాచీ ప్లేనర్లను ఫోమ్ పనికి తగ్గట్టు మార్చి షేపర్లకు అమ్మేది. 2005 డిసెంబరు 5న క్లార్క్ ఫోమ్ ఉన్నట్టుండి తలుపులు మూసేసింది. ఆ సోమవారాన్ని షేపర్లు ఇప్పటికీ ‘బ్లాంక్ మండే’ అని తలచుకుంటారు, ఫోమ్ దిమ్మను వాళ్లు బ్లాంక్ అంటారు మరి. ఇలా మార్చిన యంత్రాలను చిన్న వర్క్‌షాపుల దగ్గర తర్వాత కూడా కొనుక్కోగలిగారు. నాబ్ స్వేచ్ఛగా తిరగడం, కోత కాస్త లోతుగా దిగడం, దుమ్ము లాగే గొట్టానికి చోటు, పొడవాటి మెత్తని వైరు అదనపు డబ్బుకు వచ్చే సౌకర్యాలు. హిటాచీ పనిముట్ల బ్రాండు 2018లో హైకోకిగా మారింది కాబట్టి, విడిభాగాల కోసం వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకాలి. బోర్డులు చేయడమే జీవనోపాధి అయినవారికి ఆ డబ్బు తిరిగొస్తుంది. ఏడాదికి నాలుగు బోర్డులు చేసేవారికి రాదు.

మన బజారులో దొరికేవి

విశాఖ రుషికొండ దగ్గర అలల మీద ఆడేవారిలో ఎవరికైనా సొంత బోర్డు చేసుకోవాలనిపిస్తే చేతికందేవి వడ్రంగుల పనిముట్ల దుకాణంలో ఉండే బాష్, మకిటా, డివాల్ట్, వాటి పక్కనే సగం ధరకు పెట్టిన పేరులేని యంత్రాలు. అన్నిటి బ్లేడూ దాదాపు 82 మిల్లీమీటర్లే. అందువల్ల వెడల్పు గురించి బుర్ర పాడుచేసుకోవక్కర్లేదు. 110 మిల్లీమీటర్ల వెడల్పువి కూడా ఉంటాయి గానీ, వంపు తిరిగిన బోర్డు మీద అంత వెడల్పు బ్లేడు రెండు కొసలతో గీతలు పెడుతుంది. వాటి జోలికి పోవద్దు.

తేడా ఉన్నది లోతులో. బాష్ ప్లేనర్ల పేర్లలోనే ఆ లెక్క దాగి ఉంటుంది. జీహెచ్ఓ 26-82 అంటే 2.6 మిల్లీమీటర్ల లోతు, 82 మిల్లీమీటర్ల వెడల్పు. 15-82 అంటే ఒకటిన్నర, 40-82 అంటే నాలుగు. మన దగ్గర విరివిగా దొరికే జీహెచ్ఓ 6500కు ఈ సూత్రం వర్తించదు, దాని లోతు కూడా 2.6 మిల్లీమీటర్లే. మకిటాలో 1900బీ ఒక మిల్లీమీటరు తీస్తుంది, కేపీ0800 రెండున్నర, కేపీ0810 నాలుగు. డివాల్ట్ డీడబ్ల్యూ680 కూడా రెండున్నరే.

ఈ తేడా ఎంత బరువైనదో చిన్న లెక్కతో చూడవచ్చు. బోర్డు 48 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకోండి. 82 మిల్లీమీటర్ల బ్లేడుతో, పట్టీ మీద పట్టీ కాస్త ఎక్కేలా నడిస్తే ఒక పొర తీయడానికి సుమారు ఏడు నడకలు పడతాయి. అడుగు నుంచి ఐదు మిల్లీమీటర్లు తీయాలంటే ఒక మిల్లీమీటరు యంత్రంతో ఐదు పొరలు, 35 నడకలు. రెండున్నర మిల్లీమీటర్ల యంత్రంతో రెండు పొరలు, 14 నడకలు. పైభాగానికీ ఇదే లెక్క. కాళ్ల నొప్పుల సంగతి అలా ఉంచి, నడక పెరిగినకొద్దీ చెయ్యి వణకడానికి అవకాశాలూ పెరుగుతాయి. దిమ్మను ముందే కావలసిన మందానికి దగ్గరగా కొనుక్కున్నవారికి, కొత్తగా చెయ్యి తిప్పుకుంటున్నవారికి ఒక మిల్లీమీటరు యంత్రం మంచి గురువు. మిగతా అందరికీ రెండున్నర.

అలాంటప్పుడు నాలుగు మిల్లీమీటర్లది ఇంకా మంచిది కదా అనిపిస్తుంది. కాదు. కేపీ0810 మూడు కిలోలు దాటుతుంది. రెండున్నర గంటలపాటు ముందుకు సాచిన చేతులతో పట్టుకోవలసినది అది. పైగా దాని వేగం నిమిషానికి 12,000 చుట్లు, కేపీ0800 వేగం 17,000. రెండు బ్లేడుల లెక్కన ఒకటి నిమిషానికి 24,000 సార్లు కోస్తే, రెండోది 34,000 సార్లు కోస్తుంది. నిమిషానికి 18 మీటర్ల వేగంతో నడిచామనుకుంటే మొదటిదాని ఒక్కో కోత ముక్కాలు మిల్లీమీటరు, రెండోదాని కోత అర మిల్లీమీటరు చిల్లర. గింజలు గింజలుగా ఊడిపోయే మెత్తని ఫోమ్‌లో ఆ తేడా కంటికి కనిపిస్తుంది. ఇక లోతు విషయం. పాలీయురేతేన్ దిమ్మకు పైపొర గట్టిగా, లోపలికి పోయేకొద్దీ మెత్తగా ఉంటుంది. గట్టి పొరను ఎంత మిగుల్చుకుంటే బోర్డు అంత కాలం మన్నుతుంది. నాలుగు మిల్లీమీటర్ల లోతుతో ఒక్క తప్పటడుగు పడితే ఆ మంచి పొర కాస్తా నేల పాలవుతుంది.

దుకాణంలో డబ్బు ఇచ్చే ముందు ఒక పరీక్ష చేయండి. అర మీటరు స్టీలు స్కేలు వెంట తీసుకెళ్లండి. యంత్రం ప్లగ్ పెట్టకుండా తిరగేసి, నాబ్‌ను సున్నా దగ్గర పెట్టి, స్కేలును ముందు ప్లేటు నుంచి వెనుక ప్లేటు దాకా పొడవునా నిలువు అంచు మీద ఆనించండి. మొదట ఎడమ అంచున, తర్వాత కుడి అంచున, తర్వాత మూల నుంచి మూలకు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే స్కేలు కింద సందు ఉందో లేదో తెలిసిపోతుంది. రెండు ప్లేట్లూ ఒకే మట్టంలో ఉండాలి. ముందు ప్లేటు పక్కకు వాలి ఉంటే ఆ యంత్రం జీవితాంతం బోర్డును ఒక పక్కకు ఎక్కువ తింటుంది, ఎంత సరిచేసినా పోదు. ఆ తర్వాత ముందు ప్లేటును రెండు వేళ్లతో పట్టుకుని ఊపండి. గడగడలాడితే పెట్టెలో పెట్టి వెనక్కి ఇచ్చేయండి. పేరులేని చవక యంత్రాలలో చాలా వాటి గుట్టు ఈ రెండు పరీక్షలతోనే బయటపడుతుంది. అప్పుడప్పుడు మంచిది తగులుతుంది కూడా. తగిలితే నిక్షేపంగా కొనుక్కోవచ్చు, బెల్టు ఎక్కడ దొరుకుతుందో దుకాణదారు చెప్పగలిగితే.

బ్యాటరీ ప్లేనర్లు ఈ పనికి అనుకున్నదానికంటే బాగుంటాయి. ఫోమ్ తేలిక కాబట్టి ఛార్జింగ్ చాలాసేపు నిలుస్తుంది, వైరు బెడద ఉండదు. అయితే బ్యాటరీ, ఛార్జరు విడిగా కొనవలసి వస్తే ధర కొండెక్కుతుంది. అదే కంపెనీ డ్రిల్లింగ్ మెషిన్ ఇంట్లో ఉన్నవారికైతే ఇది తెలివైన బేరమే.

కొన్న యంత్రాన్ని ఫోమ్‌కు మలచుకోవడం

వడ్రంగి యంత్రం సగం దారే వస్తుంది. మిగతా సగం మనమే నడిపించాలి. నేను చెప్పబోయేవన్నీ ప్లగ్ తీసేశాక చేసేవి, కొన్నిటితో వారంటీ పోతుంది.

మొదట నాబ్. చాలా మోడళ్లలో నాబ్ కింద స్ప్రింగు, దానితో నొక్కుకుని ఉండే చిన్న గోళీ లేదా పళ్లు ఉంటాయి. టిక్ టిక్ మని ఆగి ఆగి తిరగడానికి కారణం అవే. వాటిని తీసేసి, మర భాగానికి కొద్దిగా గ్రీజు రాస్తే నాబ్ అరచేతి ఒత్తిడికే తిరుగుతుంది. పూర్తిగా వదులైతే మోటారు అదురుకు దానంతట అదే తిరిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే కింద పల్చని రబ్బరు వాషరు ఒకటి వేసి కాస్త బిగువు మిగల్చాలి. తిప్పితే తిరగాలి, వదిలితే నిలవాలి. సున్నా, ఒకటి, రెండు మిల్లీమీటర్ల దగ్గర మూడు రంగుల గోళ్ల రంగు చుక్కలు పెట్టుకోండి. నడుస్తూ అంకెలు చదవలేం, రంగు మాత్రం కనిపిస్తుంది.

తర్వాత వెనుక ప్లేటు చివర ఉండే చిన్న ప్లాస్టిక్ కాలు. యంత్రాన్ని బల్ల మీద పెట్టినప్పుడు బ్లేడు తగలకుండా ఆ కాలు దానంతట అదే కిందికి జారుతుంది. చెక్క పనిలో అది వరం. ఫోమ్ మీద యంత్రాన్ని కొంచెం ఎత్తి వెనక్కి లాగామో లేదో, ఆ కాలు దిగి దిమ్మలో గాడి తవ్వుతుంది. దాన్ని విప్పేయండి, లేదా టేపుతో పైకి కట్టేయండి. అది లేనప్పుడు యంత్రాన్ని కింద పెట్టడానికి పక్కన ఒక చెక్క ఊయల చేసుకోవాలి. మోటారు పూర్తిగా ఆగేదాకా దాన్ని ఎక్కడా ఆనించకూడదు.

ప్లేట్ల అంచులు కొత్తలో కత్తిలా ఉంటాయి. సన్నని ఆకురాయితో మూలలను గుండ్రం చేసి, 400 నంబరు నీటి కాగితంతో నున్నగా రుద్దండి. ఇది చేయకపోతే ప్రతి పట్టీకి రెండు పక్కలా గీత పడుతుంది. ప్లేటు జారడానికి సిలికాన్ స్ప్రే కొడదామనిపిస్తుంది. అది మాత్రం ఆ గదిలోకే రానివ్వకండి. సిలికాన్ అంటిన ఫోమ్ మీద, బోర్డుకు చివర్లో పూసే రెసిన్ అనే గట్టిపడే ద్రవం పరుచుకోకుండా చేప కళ్లలా గుంటలు పడుతుంది. తప్పు ప్లేనర్‌తో జరిగిందని అప్పుడు ఎవరికీ తట్టదు కూడా.

వైరు సంగతి చిన్నదే కానీ చికాకు పెద్దది. రెండున్నర మీటర్ల వైరు బోర్డు మధ్యకు వచ్చేసరికి అయిపోతుంది, ఎక్స్‌టెన్షన్ ముడి ఫోమ్‌కు గుద్దుకుంటుంది. ఐదు మీటర్ల మెత్తని రబ్బరు వైరు వేయించి, పైకప్పు నుంచి వేలాడదీయండి. దుమ్ము లాగే గొట్టాన్ని దానికే కట్టేయవచ్చు.

బ్లేడా, గరుకు డ్రమ్మా?

షేపర్లలో తెగని తగవు ఇది. కొందరు బ్లేడ్లు బిగించి ఉండే, గిరగిరా తిరిగే డ్రమ్మును తీసేసి, దాని స్థానంలో టంగ్‌స్టన్ కార్బైడ్ రేణువులు అంటించిన డ్రమ్ము బిగిస్తారు. అది కోయదు, అరగదీస్తుంది. ముందుకు నెట్టినా వెనక్కి లాగినా ఒకేలా పని చేయడం దాని గొప్పతనం. స్ట్రింగర్ చెక్కలో నార ఎదురు తిరిగిన చోట బ్లేడు పెచ్చు లేపుతుంది, డ్రమ్ము లేపదు. సాన పెట్టే పని ఉండదు. మరోవైపు దుమ్ము మైదాపిండిలా సన్నగా లేచి గదంతా కమ్ముకుంటుంది, ఉపరితలం బ్లేడు మిగిల్చినంత నున్నగా ఉండదు, ధర ఎక్కువ, విదేశాల నుంచి తెప్పించుకోవాలి, మన యంత్రం మోడలుకు సరిపోయేది దొరకాలి. పదునైన బ్లేడుతో, స్ట్రింగర్‌ను చివరలో చిన్న చేతి చిత్రికతో విడిగా తీసుకునే అలవాటు ఉంటే డ్రమ్ము అవసరం రాదని నా అభిప్రాయం. స్ట్రింగరే లేని దిమ్మలు చేసేవారికైతే ఈ తగవుతోనే పని లేదు.

ఏ ఫోమ్ అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. పాలీయురేతేన్ నిబ్బరంగా, సన్నని పొడిగా తెగుతుంది. ఏ యంత్రమైనా దాని మీద మర్యాదగా ఉంటుంది. మనం థర్మాకోల్ అనే ఈపీఎస్ వేరు. గింజలు గింజలుగా అతుక్కుని ఉంటుంది, మొద్దు బ్లేడు తగిలితే గింజ తెగదు, ఊడి వస్తుంది. సర్ఫ్‌బోర్డులకు వాడేది సాధారణంగా ఘనపు మీటరుకు 24 నుంచి 32 కిలోల సాంద్రత ఉన్న రకం. టీవీ పెట్టెల్లో వచ్చే థర్మాకోల్ అంతకంటే పల్చన. దాన్ని ప్లేనర్‌తో తాకితే కుళ్లిన కొబ్బరిలా రాలుతుంది. ఈపీఎస్ మీద ఒక మిల్లీమీటరుకు మించి లోతు పెట్టకండి, నెమ్మదిగా నడవండి, బ్లేడు కొత్తదై ఉండాలి. ఎక్కువ మందం తీయవలసి వస్తే వేడి తీగతో కోసి, ప్లేనర్‌ను చివరి సవరణలకే వాడటం మేలు.

ప్లేనర్‌తో సంబంధం లేకపోయినా ఇది చెప్పకుండా ఉండలేను. మన తీరంలో ఫైబర్ తెప్పలు చేసేచోట సులువుగా దొరికే రెసిన్ పాలిఎస్టర్ రకం. అది థర్మాకోల్‌ను కరిగించి పారేస్తుంది. అంత కష్టపడి చెక్కిన ఈపీఎస్ దిమ్మకు ఎపాక్సీ రెసిన్ ఒక్కటే దారి.

బ్లేడ్ల రకాలు రెండు. సన్నని కార్బైడ్ బ్లేడు రెండు అంచులా పదునుతో వస్తుంది. ఒక అంచు మొద్దుబారితే తిప్పి బిగించుకోవడం, రెండోదీ అయిపోతే పారేయడం. వెడల్పాటి హై స్పీడ్ స్టీలు బ్లేడును సాన పెట్టించుకుంటూ ఏళ్ల తరబడి వాడవచ్చు. స్టీలుకు పదును మరింత సన్నగా వస్తుంది, ఈపీఎస్‌కు అది మేలు. సముద్రపు గాలికి తుప్పు కూడా దానికే త్వరగా పడుతుంది. కొత్తవారికి నేను కార్బైడే చెబుతాను, ఎందుకంటే ప్లేనర్ బ్లేడును అంచు వాలకుండా సాన పట్టే మనిషి దొరకడం యంత్రం దొరకడం కంటే కష్టం.

యంత్రం మన్నాలంటే

బ్లేడు మార్చాక మట్టం చూడకుండా ఎప్పుడూ స్విచ్ నొక్కవద్దు. స్టీలు స్కేలును వెనుక ప్లేటు మీద బ్లేడు దాకా వచ్చేలా ఆనించి, డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పండి. బ్లేడు అంచు స్కేలును ముట్టీ ముట్టనట్టు రాసుకుపోవాలి. ఎడమ కొసన ఎంత రాసుకుందో కుడి కొసన అంతే, మొదటి బ్లేడు ఎంతో రెండోది అంతే. బ్లేడు ఎత్తుగా ఉంటే ప్రతి నడక చివరా గుంట పడుతుంది. తక్కువగా ఉంటే యంత్రం దిమ్మ మీద ఎక్కి కూర్చుంటుంది. ఒక బ్లేడు ఎత్తుగా, ఒకటి తక్కువగా ఉంటే కోసేది ఒక్కటే, రెండోది ఊరికే బరువు తిప్పుతూ అదురు పుట్టిస్తుంది. ఇంతా చేసి పట్టే సమయం పది నిమిషాలు.

ఫోమ్ మీద పొడవునా దారం పెట్టినట్టు సన్నని గీత ఉబ్బెత్తుగా వస్తోందంటే బ్లేడు అంచున ఎక్కడో చిన్న పన్ను విరిగింది. చాలాసార్లు అది బ్లేడు నడి భాగంలోనే ఉంటుంది, ఎందుకంటే అందరమూ అలవాటుగా స్ట్రింగర్‌ను బ్లేడు మధ్యనే ఉంచి నడుస్తాం. ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి జరిపి నడిస్తే అరుగుదల బ్లేడంతా పంచుకుంటుంది. పన్ను విరిగాక తాత్కాలిక వైద్యం ఒకటుంది. రెండు బ్లేడ్లలో ఒకదాన్ని అర మిల్లీమీటరు పక్కకు జరిపి బిగిస్తే ఒకటి వదిలిన గీతను రెండోది తీసేస్తుంది.

ఫోమ్ పొడి యంత్రంలోకి దూరని చోటు ఉండదు. పని ముగిశాక ప్లగ్ తీసి, మోటారు గాలి రంధ్రాలను బ్లోయరుతో ఊదండి. కంప్రెసర్ వాడితే ఒత్తిడి తగ్గించి, దూరం నుంచి. దగ్గరగా గట్టిగా కొడితే పొడి బేరింగుల్లోకి చేరుతుంది. గాలి రంధ్రాలకు పాత మేజోడు తొడిగి పొడిని ఆపేవారున్నారు. ఆ మేజోడు నిండిపోతే మోటారుకు గాలి ఆడదు. తొడిగితే ప్రతి అరగంటకూ దులపాలి, దులిపే ఓపిక లేకపోతే తొడగవద్దు.

పక్క మూత విప్పితే బెల్టు కనిపిస్తుంది. పుల్లీ పళ్ల మధ్య పొడి గట్టిపడి బెల్టు జారుతుంది, జారిన బెల్టు అద్దంలా మెరుస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో పుల్లీని శుభ్రం చేయండి. బెల్టులో పగుళ్లు కనిపిస్తే తెగేదాకా ఆగకండి. కార్బన్ బ్రష్షుల మీద హద్దు గీత ఉంటుంది. అక్కడిదాకా అరిగితే రెండూ కలిపి మార్చాలి, ఒక్కదాన్ని మార్చడం పొదుపు కాదు. మోటారు కిటికీలో నిప్పురవ్వలు చుట్టూ ఉంగరంలా తిరుగుతున్నాయంటే బ్రష్షులు గానీ, మోటారులో తిరిగే భాగమైన ఆర్మేచర్ గానీ పాడైనట్టు. ఈపీఎస్ పొడి నిప్పు అంటుకునే గుణం ఉన్నది కాబట్టి ఆ రవ్వలను తేలిగ్గా తీసుకోకూడదు. నేల మీద పొడి కుప్పలు పడనివ్వకండి. తీసేసిన పాలీయురేతేన్ తుక్కును పెరట్లో కాల్చడం అసలే వద్దు, ఆ పొగలో హైడ్రోజన్ సయనైడ్ ఉంటుంది. షెడ్డులో ఉన్నంతసేపూ కనీసం ఎన్95 మాస్కు, చెవులకు రక్షణ, కళ్లద్దాలు ఉండాలి.

తీర ప్రాంతంలో ఇంకొక పని. యంత్రాన్ని దాచేటప్పుడు స్టీలు బ్లేడుకూ ప్లేటు మరలకూ పల్చగా నూనె రాసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. వానాకాలంలో వారం రోజులు గోడ మేకుకు వేలాడదీస్తే చాలు, మరలు బిగుసుకుపోతాయి. మళ్లీ తీసినప్పుడు నూనె శుభ్రంగా తుడిచి, మొదటి రెండు నడకలు పనికిరాని ఫోమ్ ముక్క మీద నడపండి. నూనె అంటిన ఫోమ్‌కు, రెసిన్‌తో అతికించే ఫైబర్ గ్లాసు గుడ్డ సరిగా అతకదు.

యంత్రం కొన్న రోజే, అదే బిల్లు మీద, రెండు బెల్టులు, ఒక జత కార్బన్ బ్రష్షులు, ఒక జత బ్లేడ్లు తీసుకోండి. దుకాణంలో అవి లేవంటే, ఎన్ని రోజుల్లో తెప్పిస్తారో అడగండి. ఆ జవాబు విన్నాక మోడలు మార్చుకోవాలనిపిస్తే మొహమాటపడకండి.